నాగమల్లేశ్వరి ఆరో వేలు

మా వదిన కాలిని చెత్త కింద జమకట్టి తుడిచేసింది మీరే. సుపథ సంస్థ పెద్దలారా, మిమ్మల్నే అంటున్నాను. "పొరపాటు జరిగింది" అని పత్రికలకు ప్రకటన ఇచ్చారు. పొరపాటు దానంతటది జరుగుతుందా? ఒక చల్లటి గదిలో కూర్చుని, టీ తాగుతూ, నవ్వుకుంటూ, చేతులెత్తి తీర్మానం చేసి మరీ జరిపించారు. ఆ గదిలో ఎవరు ఏ మాట అన్నారో నాకు తెలుసు. ఇక్కడ రాస్తాను. అబద్ధమంటే కోర్టుకు లాగండి, వస్తాను.

నా పేరు భ్రమరాంబ. చీరాల పక్కన మగ్గాల కాలనీ మాది. పదో తరగతి తప్పాను. పెట్టుడు కాళ్ళవాళ్ళ సంఘం పెట్టాక ఈ కంప్యూటరు పట్టికల సంగతంతా ఫోన్లో చూసి నేర్చుకున్నాను. మర్యాదగా రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. సర్దుకోండి.

మా అన్న ఏడుకొండలు భార్య నాగమల్లేశ్వరి. షుగరు జబ్బు ముదిరి ఆమె కుడికాలు మోకాలి కింద తీసేశారు. మాది గుంట మగ్గం. నేల మట్టానికి కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టి, కింద వేలాడే చెక్కలను మార్చి మార్చి తొక్కాలి. తొక్కినప్పుడల్లా నిలువు పోగుల పడుగు రెండుగా విడుతుంది, ఆ సందులోంచి అడ్డపోగు మోసే నాడె దూసుకుపోతుంది. ఒంటికాలితో అది సాగే పని కాదు. వదిన మంచం మీద కూర్చుని మా అన్న నేసే చీరకు వంకలు పెడుతూ ఉండేది. "అంచు వంకర పోతంది చూడు, కళ్ళు యాడ బెట్టుకున్నావు" అని.

అప్పుడొచ్చింది సుపథ కాలు. అబద్ధం ఎందుకు, అద్భుతమే. జీవలోహం అంటారు దాన్ని. వెన్నలా వంగుతుంది, ఉక్కులా నిలుస్తుంది. దాని కాడను ఎముకలోకి నాటుతారు, పైన తొడుగు మొండికాలిని పట్టుకుని ఉంటుంది. ఆ లోహానికి సొంత రూపం లేదు. రూపమంతా కంపెనీ వాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది. అక్కడ గీత మారితే ఇక్కడ కాలు మారుతుంది. సాయంత్రానికి మొండి వాస్తే తొడుగు వదులవుతుంది, తెల్లారి వాపు తీస్తే బిగుస్తుంది.

ఆ కాలు గీసిన మనిషి హిమజ. సుపథ ప్రయోగశాలలో డిజైన్లకు పెద్ద. వదినకు కాలు అమర్చడానికి మా ఇంటికే వచ్చింది, బూట్లు గుమ్మం బయట విప్పి.

"నీ కాలి బొమ్మ ఒకచోట బొమ్మలా ఉండదక్కా," అంది, సుద్దముక్కతో మగ్గం ఇంటి నేల మీద గళ్ళు గీస్తూ. "ఈ గడిలో ఉత్త చుక్కలు. ఈ గడిలో ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో ఆ గీతలు. ఇక్కడ కీళ్ళు. ఇక్కడ మనుషుల పేర్లు. నీ కాలు కావాలని అడిగితే, నీ పేరు పట్టుకుని కీళ్ళ దగ్గరికి, కీళ్ళు పట్టుకుని గీతల దగ్గరికి, అక్కణ్ణుంచి చుక్కల దగ్గరికి వెళ్ళి అన్నీ పోగుచేసుకొస్తుంది. ఒక్క చుక్క మార్చాలంటే ఆ ఒక్క చుక్కే మారుస్తాం, మొత్తం మళ్ళీ గీయక్కర్లేదు."

"అంటే నా కాలు ముక్కలు ముక్కలుగా నలుగురిళ్ళలో ఉంటదన్నమాట," అంది వదిన. "గళ్ళు మాత్రం బాగా గీశావమ్మాయ్. తొక్కుడుబిళ్ళ ఆడదాం రా. నాది ఎట్టాగూ ఒంటికాలే, నేనే గెలుస్తా."

హిమజ పగలబడి నవ్వింది. తరువాత పనిలో పడ్డాక ఆ నవ్వు పోయింది. మడమ ఎంత వంగాలన్నది తేలలేదు. ఒక కొలత పెడితే పాదం చెక్కకు అందదు. ఇంకో కొలత పెడితే చెక్కను పాతాళానికి తొక్కి పడుగు పోగులు పుటపుటా తెంపుతుంది. పొద్దున సరిపోయింది మధ్యాహ్నానికి సరిపోదు, ఎందుకంటే చెక్కను కట్టిన తాడు తేమకు బిగుస్తుంది, ఎండకు సాగుతుంది.

"ఎంత వంచాలో ఒక లెక్క చెప్పక్కా."

"నాకేం తెలుసు లెక్క? చెక్క ఎందాకా పోతే కాలు అందాకా పోద్ది. తాడు ఊ అంటే ఆగుద్ది."

హిమజ ఆ మాట విని చీర కుచ్చిళ్ళు దోపుకుని గుంటలోకి దిగింది. చెక్క పొడవు, వెడల్పు, తాడు కట్టిన చోటు కొలిచింది. వాటినీ పట్టికల్లోకి ఎక్కించింది, చుక్కలుగా, గీతలుగా. మడమ గీతకు లెక్క పెట్టడం మానేసి దాన్ని చెక్క గీతకు కట్టింది. చెక్క పాదానికి ఎక్కడ తగిలితే మడమ అక్కడిదాకా. తొడుగు గీతను తీసుకెళ్ళి మడమకు కట్టింది, తొక్కేటప్పుడు మొండి ఒరుసుకోకుండా. మరుసటి గంటకు వదిన నేస్తోంది. ఏడ్చింది కూడా. "దుమ్ము పడింది" అంది.

ఆ ఉపాయం మిగతా సిబ్బందికీ హిమజే నేర్పింది. ఇక ఎవరి కాలు దేనికి ఆనుతుందో దాన్నే పట్టికలోకి ఎక్కించారు. ఉప్పు కొఠార్లలో పనిచేసే అంకమ్మ కాలిని మడి గట్టుకు కట్టారు. చేపలు కోసే ఆమెకు కత్తిపీట. పాలు పితికే బ్రహ్మయ్య గొంతుక్కూర్చుని గేదె వెనక్కాలికి పాదం అడ్డుపెడతాడు, కాబట్టి గేదెను. అందరూ పనిలోకి పోయారు.

అదిగో, ఆ గేదె దగ్గర మొదలైంది.

సుపథలో విదేశీ ఆసుపత్రుల వాళ్ళు వాటా కొంటామన్నారు. కొనేముందు పట్టికలు చూపించమన్నారు. విహారి అనే డైరెక్టరుగారు మొదటిసారి పట్టికలు తెరిచి చూశారు. ఆ సమావేశంలో హిమజ ఉంది. ఆమె చెప్పిందే రాస్తున్నాను.

"కాళ్ళ పట్టికలో గేదె ఏంటండీ బాబూ? పాలు కూడా ఇస్తుందా?" అన్నారు విహారి. గదంతా నవ్వింది. "పీట, గట్టు, తాడు, చెక్క... ఇది మెడికల్ డేటానా, సంత సామానా? శుద్ధి చెయ్యండి. శరీర భాగం కానిది ఒక్కటి కూడా ఉండకూడదు."

"సార్, ఆ చెక్కను పట్టుకుని ఒక మడమ ఉంది. చెక్క తీసేస్తే మడమ గడి ఖాళీ అవుతుంది," అంది హిమజ.

"ఖాళీ అయితే డిఫాల్ట్ కొలత పడుతుంది కదా."

"ఆ కొలత కుర్చీలో కూర్చునేవాళ్ళది. తొడుగు కూడా మారిపోతుంది సార్. లోపల మనిషి కాలుంటుంది."

"అందరూ ఏదో ఒకరోజు కుర్చీల్లోకి రావాల్సిందే కదా హిమజా. అభివృద్ధి అంటే అదే."

కుర్చీలో కూర్చుని అన్నారు ఆ మాట. చేతులు లేచాయి. ఇకముందు ఎవరూ చెక్కలూ గేదెలూ ఎక్కించకుండా పట్టికకే కాపలా పెట్టారు. శరీర భాగాల జాబితాలో లేనిదాన్ని అది లోపలికి రానివ్వదు. కాళ్ళవాళ్ళకు కబురు పెట్టారా అంటే పెట్టారు. మా అన్న ఫోనుకు ఇంగ్లీషులో రెండు ముక్కలు వచ్చాయి, సేవలు మెరుగుపరుస్తున్నామని. మా అన్న ఇంగ్లీషు చదవడు. చదివినా అందులో ఏముంది?

శుద్ధి చేసిన రోజు మిట్టమధ్యాహ్నం. నేను వరండాలో కండెలు చుడుతున్నాను. లోపల మగ్గం చప్పుడు ఒక్కసారి తడబడింది.

"భ్రమరా," అంది వదిన. "కాలు మాట వినట్లేదే."

వెళ్ళేసరికి పాదం గుంటలో అడుగు చెక్క కిందికి జారి ఇరుక్కుని, లంబంగా, చెప్పుల దుకాణంలో బొమ్మకాలులాగా నిలబడిపోయి ఉంది. చెక్క కదలదు, కాలు పైకి రాదు. అప్పుడు తొడుగు బిగుసుకోవడం మొదలైంది. ఎవరిదో సన్నటి మొండి కొలతకు. వదిన అరిచిన అరుపు నేనింతవరకు ఏ మనిషి నోటా వినలేదు. పడుగు తెగితే గానీ చెక్క వదలదు. మా అన్న దూకి కత్తి తీసుకున్నాడు.

"పడుగు కొయ్యమాక! సగం చీర!" అని అరిచింది ఆ బాధలో కూడా.

కోశాడు. చిన్నప్పటినుంచీ పోగు తెగితే ముడేయడమే తెలిసిన మనిషి, మొత్తం పడుగును అడ్డంగా కోసి పెళ్ళాన్ని పైకి లాగాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. "రక్తం ఆడట్లేదు. ఈ తొడుగు విప్పితే మోకాలు మిగులుతుంది. విప్పకపోతే మోకాలి పైన తీసేయాలి. రేపటిదాకా ఆగలేను."

మోకాలుంటే ఇంకో కాలు పెట్టుకుని మళ్ళీ గుంటలో కూర్చోవచ్చు. మోకాలు పోతే మగ్గం లేదు. షుగరు మనిషికి అంత పెద్ద కోత పడితే మనిషి మిగిలేదీ నమ్మకం లేదు. మాకు కావలసిందల్లా ఒక తొడుగు విప్పడం.

రంపం పెట్టి చూశారు, లోహం ఇంకా బిగిసింది. కాలికి కంపెనీ గీతలు మోసుకొచ్చే ఫోను దూరం పెట్టి చూశాం, సంబంధం తెగితే అది ఆ కుర్చీ కొలతనే పట్టుకు కూర్చుంటుంది. మొదటి రకం కాళ్ళకు చేత్తో విప్పే మీట ఉండేదట. బరువని, అందం పాడవుతుందని మీరే తీసేశారు. సుపథ వాళ్ళ నంబరుకు చేస్తే పాట వినిపిస్తోంది. అన్నను వదిన దగ్గర పెట్టి నేను రైలెక్కాను, గుంటూరులో వాళ్ళ ఆఫీసుకు.

విహారిగారు నన్ను లోపలికి రానిచ్చారు. మంచినీళ్ళు ఇప్పించారు. అది ఒప్పుకుంటాను.

"మీ బాధ అర్థమైందమ్మా. కంప్లైంట్ టికెట్ రైజ్ చేశారా?"

"టికెట్టు కొనుక్కునే వచ్చాను, రైల్లో."

ఆయనకు నవ్వు రాలేదు. "ప్రాసెస్ ఉంటుందమ్మా. పాత స్థితికి వెళ్తే శుద్ధిలో కొలతలు సరిచేసిన మిగతావాళ్ళ కాళ్ళన్నీ దెబ్బతింటాయి."

"పాత స్థితి ఎవడడిగాడు? మా వదిన ఒక్కదాని వరుస పెట్టండి. ఒక్క చెక్క. మీ కంప్యూటరు మోయలేదా ఒక చెక్కని?"

"ఒక్కరికి చేత్తో సవరిస్తే లోపం మాదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. లాయర్లు వద్దన్నారు. కమిటీ శుక్రవారం కూర్చుంటుంది."

"శుక్రవారానికి కాలుండదయ్యా!"

"మేము చింతిస్తున్నాం," అన్నారు. బల్ల మీద ఉన్న గ్లాసు ఎత్తి పగలగొట్టాను. అది రాయకపోతే మీరు రాస్తారు, అందుకని నేనే రాస్తున్నాను.

కాపలావాడు నన్ను మెట్ల దాకా తోసుకొచ్చాడు. కింద మెట్టు మీద హిమజ నిలబడి ఉంది, భుజాన సంచీతో. "పదండి. కారు తీశాను," అంది. దారంతా నేను తిట్టాను. అన్నీ విని, "అవును" అంది.

వార్డులో వదిన మంచం పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. చెక్క వరుస మళ్ళీ రాసింది. పట్టిక తిప్పికొట్టింది. ఈ వస్తువు శరీర భాగం కాదు, చేర్చడం కుదరదు. ఇంకోరకంగా రాసింది. మళ్ళీ అదే మాట. తాళాన్ని పగలగొట్టే అధికారం ఆమె దగ్గర లేదు, పొద్దున్నే లాగేసుకున్నారు. కాలి గీతలు దిద్దే అధికారం ఒక్కటే మిగిలింది.

వదిన కళ్ళు తెరిచింది. జ్వరం మాట. "ఏమంటందమ్మాయ్ నీ డబ్బా?"

"చెక్క నీ ఒంట్లో భాగం కాదంటోందక్కా."

"అది ఎన్నడన్నా నేసిందా? నోరు ముయ్యమను."

"అయితే భాగమనే రాయి!" అన్నాను నేను. విసుగుతో అన్నాను, ఆలోచించి కాదు.

హిమజ చేతులు ఆగిపోయాయి. నా వంక చూసింది. తరువాత శరీర భాగాల జాబితా తెరిచి కిందికి జరుపుకుంటూ పోయింది. కుడి పాదం. వేళ్ళు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరు. ఆరు వేళ్ళతో పుట్టేవాళ్ళుంటారు కాబట్టి ఆరో వేలికి పట్టికలో చోటుంది.

"చెక్క పొడవెంత? నా దగ్గరున్న కొలతలు కూడా తుడిచేశారు," అంది.

మా పక్కింటి పిల్లకు ఫోను చేసి గుంటలోకి దించాను. టేపు పెట్టి చెప్పింది. మూరెడు చెక్క. హిమజ రాసింది: నాగమల్లేశ్వరి, కుడి పాదం, ఆరో వేలు. దాని పొడవు మూరెడు. మడమ గీతను ఆ వేలికి కట్టింది.

తీసుకుంది. చూడండి మీ కంప్యూటరు తెలివి. మూరెడు పొడవు వేలుందంటే కిక్కురుమనకుండా ఒప్పుకుంది. చెక్క ఉందంటే మాత్రం ఒప్పుకోదు. మనిషి ఒంటికి లేనిది అంటగట్టినా దానికి అభ్యంతరం లేదు, మనిషి పనిముట్టు పేరు చెబితే తలుపు వేసేస్తుంది. అట్లా నేర్పింది మీరే.

మంచం మీద లోహం నిట్టూర్చినట్టు చప్పుడు చేసింది. మడమ వంగింది. తొడుగు విచ్చుకుంది. లోపలి పుండు చూసిన మా అన్న డాక్టరమ్మను పిలుచుకురావడానికి పరిగెత్తాడు. డాక్టరమ్మ వంగి మోకాలి కింద వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికింది. "నాడి ఉంది," అంది. కుళ్ళిన కండ తీసేసింది. మోకాలు మిగిలింది, ప్రస్తుతానికి.

హిమజ ఇంటికి పోలేదు. ఆసుపత్రి వసారాలో బల్ల మీద కూర్చుని, మా సంఘం వాళ్ళు ఫోన్లలో కొలతలు చెబుతుంటే ఒక్కొక్కరి కాలినీ విప్పింది. కత్తిపీట చేపలామెకు చీలమండ అయింది. బ్రహ్మయ్యకు గేదె తుంటి ఎముక అయింది. "నా ఒంట్లో గేదె ఉందని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటానే ఉంది తల్లీ," అన్నాడు బ్రహ్మయ్య, ఏడుస్తూ. అంకమ్మ ఫోను మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆమెను అప్పటికే ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టారు. మోకాలి పైన తీసేశారు. ఉప్పు మడి గట్టు వరుస రాసే అధికారం కాస్త ముందే హిమజ చేతుల్లో ఉండి ఉంటే ఆ మోకాలు ఉండేది. ఆ కాస్త ముందు మీరు అనుమతి కోసం హిమజను గదుల చుట్టూ తిప్పుతున్నారు.

తరువాత మీరు చేసింది ఏమిటి? వార్డుకు వచ్చారా? లేదు. హిమజను ఉద్యోగంలోంచి తీసేశారు. వైద్య సమాచారాన్ని తప్పుగా మార్చిందని పోలీసు కేసు పెట్టారు. మూరెడు వేలు ఉండదట, గేదె తుంటి కాదట. మీ శాస్త్ర జ్ఞానానికి దండం. ఇప్పుడు మళ్ళీ ఇంకో ఆదేశం పుట్టించారు: సోమవారం నాడు "తప్పుడు శరీర భాగాల తొలగింపు". వాటా కొనేవాళ్ళు మంగళవారం వస్తున్నారు కదా, ఇల్లు ఊడ్చి ముగ్గేసి పెట్టాలి.

మా వదిన కాలి కాడ ఇంకా ఎముకలోనే ఉంది. గాయం మానేదాకా తీయడం కుదరదని డాక్టరమ్మ చెప్పింది, ఆ మాట రాసి సంతకం పెట్టి మీకు పంపింది కూడా. తొడుగు ఇప్పుడు విచ్చుకుని ఉంది, దాని చుట్టూ కట్లున్నాయి. సోమవారం మీరు ఆరో వేలు తుడిస్తే అది మళ్ళీ మూసుకుంటుంది, పచ్చి పుండు మీద. ఈసారి మోకాలు మిగలదు. ఈ సంగతి మీకు తెలియదని ఇక మీరు అనలేరు. చదివారు. తెలిసింది.

కాబట్టి కమిటీలు, చింతించడాలు మాకొద్దు. సోమవారం ఆదేశాన్ని ఇవాళే రద్దు చేయండి. పట్టికకు పెట్టిన ఆ కాపలా తీసేసి, పీటను పీటగా, గట్టును గట్టుగా, చెక్కను చెక్కగా రాసుకునే చోటు మళ్ళీ ఇవ్వండి, అబద్ధాలు రాయాల్సిన అవసరం ఎవరికీ రాకుండా. హిమజను ఆమె కుర్చీలో కూర్చోబెట్టండి. కేసు మోయాల్సింది చేతులెత్తినవాళ్ళు. ప్రతి కాలికీ చేత్తో విప్పే మీట పెట్టండి, అందం పాడైతే పాడవనీయండి. ఇకముందు ఒక మనిషి కాలిలో ఒక్క చుక్క కదపాలన్నా ఆ మనిషిని ఆమె భాషలో అడగండి, ఊ అన్నాకే కదపండి.

ఇవేవీ చేయలేమంటారా? అయితే విహారిగారూ, ఆ తుడిచే పని మీ చల్లటి గదిలోంచి చేయకండి. సోమవారం పొద్దున ఆసుపత్రికి రండి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. మా వదిన మెలకువగానే ఉంటుంది. ఆమె కట్టు విప్పించి చూసి, ఆమె ముఖం చూసి, అక్కడ నిలబడి నొక్కండి ఆ తుడిచే మీట. మేమందరం అక్కడే ఉంటాం.